ఎండుకాయలతో జంతువులు, తోరణాలు: నా అనుభవం

పైన్ కాయతో బొమ్మ చేయాలనుకునేవాళ్ళు మొదట జిగురు గురించి అడుగుతారు. ముందు తెలుసుకోవాల్సింది తేమ సంగతి. చెట్టు నుంచి రాలి ఏళ్ళు గడిచినా పైన్ కాయ కదులుతూనే ఉంటుంది. ఎండితే రేకులు విచ్చుకుంటాయి, తడిస్తే ముడుచుకుంటాయి. ఒక్కో రేకులో రెండు పొరలుంటాయి. బయటివైపు పొర తడికి నిలువునా సాగుతుంది, లోపలివైపు నారలు అంతగా సాగవు, దాంతో రేకు లోపలికి వంగుతుంది. ఆరితే మళ్ళీ వెనక్కి వాలుతుంది. ఎండిపోయిన కణాలే ఇదంతా చేస్తాయి కాబట్టి కాయ ఎంత పాతదైనా ఈ కదలిక ఆగదు. మే నెలలో రెండు రేకుల మధ్య అతికించిన కన్ను ఆగస్టులో కింద పడి దొరికితే జిగురుని తిట్టుకోనక్కర్లేదు, రేకు ముడుచుకుంటూ దాన్ని బయటికి తోసేసింది.

రెండో సంగతి దిశ. రేకుల కొనలన్నీ తొడిమ వైపు నుంచి కాయ మొన వైపు చూస్తాయి. జంతువు వెంట్రుకైనా పక్షి ఈకైనా తల నుంచి తోక వైపు వాలుతుంది. కాబట్టి తల తొడిమ వైపు రావాలి, తోక మొన వైపు రావాలి. కాయని దాని అడుగు మీద నిలబెట్టి మొన దగ్గర కళ్ళు అతికించిన గుడ్లగూబలు చాలాచోట్ల కనిపిస్తాయి. వాటి ఈకలన్నీ పైకి లేచి ఉంటాయి. చూసేవాళ్ళకి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది గాని ఎందుకో తెలియదు. కాయని తిరగేస్తే చాలు.

తెలుగు నేల మీద పైన్ తనంతట తాను పెరగదు, అరకు, పాడేరు కొండల వైపు నాటిన తోటలు మాత్రం ఉన్నాయి. ఊటీ, కొడైకెనాల్ వెళ్ళినవాళ్ళు తెచ్చేవి ఎక్కువగా పాట్యులా రకం: 7 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, కొంచెం వంకర, గుత్తులుగా కొమ్మకే అంటుకుని ఏళ్ళ తరబడి మూసుకునే ఉంటాయి. మూసుకున్న కాయ పనికిరాదని పారేయకండి, వేడి తగిలితే విచ్చుకుంటుంది. ఉత్తరాఖండ్, హిమాచల్ వైపు నుంచి వచ్చేది చిర్ పైన్. అది బరువైన కాయ, 12 సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది, రేకు చివర మందంగా కొక్కెంలా వంగి ఉంటుంది. ముళ్ళపందికి, ఏనుగుకి ఇంతకన్నా మంచిది లేదు. దేవదారు కాయ చెట్టు మీదే పొరలు పొరలుగా రాలిపోతుంది. చివరికి మిగిలే పైభాగం చెక్కతో చేసిన గులాబీలా ఉంటుంది. దాన్ని జంతువుల బొమ్మలకు వాడను, తోరణానికి దాచుకుంటాను. అమెరికాలో అట్లాంటా, కరోలినాల వైపు ఉండే మనవాళ్ళకు పెరట్లోనే రాలేది లోబ్లాలీ పైన్. దాని రేకు చివర పదునైన ముల్లుంటుంది, చేతికి తొడుగు లేకుండా పట్టుకోవద్దు.

ఇక మన రోడ్ల పక్కన దొరికేవి చూస్తే పైన్ లేని లోటే తెలియదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంట సరుగుడు కాయలు. వాటిని చిన్న పైన్ కాయలనుకుంటారు గాని సరుగుడు పైన్ జాతి కాదు, పూలు పూసే చెట్టు. ఆ కాయ రెండున్నర సెంటీమీటర్లు దాటదు, ఒక్కో గది పిట్ట నోరు తెరిచినట్టు విచ్చుకుంటుంది. మహాగని కాయ విచ్చితే ఐదు చెక్కలు, మధ్యలో ఐదు పలకల దూలం, దాని చుట్టూ రెక్కల గింజలు వస్తాయి. ఈ ఒక్క కాయలో ఏనుగు చెవి, చేప ఒళ్ళు, పక్షి రెక్క మూడూ ఉన్నాయి. తురాయి కాయ 30 నుంచి 60 సెంటీమీటర్లు, నల్లగా కత్తిలా ఉంటుంది. రేల కాయ గుండ్రటి కర్రలా ఉంటుంది. తుమ్మకాయ పూసలు గుచ్చినట్టు నొక్కులు నొక్కులుగా ఉంటుంది. గుర్రపు బాదం కాయ చీలితే పడవ. దిరిసెన కాయ పల్చటి గడ్డి రంగు రేకు. వంటింట్లోంచి కోయని వక్క, లవంగం, మిరియం, చింతగింజ, అనాసపువ్వు తీసుకోవచ్చు. కుంకుడుకాయ కొట్టాక మిగిలే నల్ల గింజ పెద్ద బొమ్మలకు కన్ను.

ఏరేటప్పుడు నేను చూసేవి రెండే. కాయ చేతిలో తేలిగ్గా ఉండాలి, లోపల గింజలుండేవి అయితే ఊపితే మోగాలి. బూజు పట్టి బూడిద రంగుకు తిరిగినవి, నొక్కితే రేకు మెత్తగా విరిగేవి వదిలేస్తాను. ఎండాకాలం మధ్యలో ఏరితే సగం పని సూర్యుడే చేసిపెడతాడు. వానల తర్వాత ఏరిన దాంట్లో బూజు ఖాయం. రిజర్వు ఫారెస్టులో అయితే కింద రాలిన కాయ కూడా అటవీశాఖదే. గార్డుని అడిగి తీసుకోవడం మంచిది.

చిక్కుడు జాతి కాయలన్నిటికీ, అంటే దిరిసెన, తుమ్మ లాంటివాటికి, పుచ్చు పురుగు భయం ఉంటుంది. కాయ బయటికి శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల గింజలో పిల్లపురుగు తింటూ ఉంటుంది. బొమ్మ షోకేసులో పెట్టిన నెలకి గుండుసూది తలంత రంధ్రం, కింద పిండి కనిపిస్తాయి. ఈ కాయల్ని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి డీప్ ఫ్రీజర్‌లో, అంటే మైనస్ 18 దగ్గర, నాలుగైదు రోజులు ఉంచాలి. బయటికి తీసిన వెంటనే సంచి విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే చల్లటి కాయ మీద నీరు పట్టి బూజు మొదలవుతుంది. పలుచటి కాయలకు ఓవెన్ వేడి పనికిరాదు, మెలితిరిగిపోతాయి.

పైన్ కాయకి మాత్రం ఓవెనే సరైన దారి. ముందు పాత టూత్ బ్రష్‌తో రేకుల మధ్య మట్టి, ఆకు సూదులు దులపాలి. మరీ మురికిగా ఉంటే బకెట్ నీళ్ళలో అరకప్పు వెనిగర్ కలిపి అరగంట నానబెడతాను. బయటికి తీసేసరికి కాయ పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. రెండు మూడు రోజులు నీడన ఆరనిచ్చి, ట్రే మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి, కాయలు ఒకదానికొకటి తగలకుండా పెట్టి, 100 డిగ్రీల దగ్గర 30 నుంచి 45 నిమిషాలు. ఇంట్లో వాడే ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్‌లో పై రాడ్ ఆపేసి కింది రాడ్ ఒక్కటే వాడాలి. పై రాడ్‌కి దగ్గరైతే రేకు కొనలు మాడతాయి. ఈ వేడికి మూడు పనులు జరుగుతాయి: రేకులు విచ్చుకుంటాయి, లోపలి పురుగులు చస్తాయి, చెట్టు బంక కరిగి రేకుల మీద పల్చగా పరుచుకుని ఆరాక వార్నిష్‌లా మెరుస్తుంది. ఆ బంక మండే సరుకు, కాబట్టి ఓవెన్ దగ్గరే నిలబడాలి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. పొయ్యి మీద పెనంలో కూడా వద్దు, అడుగు రేకులు కాలిపోతాయి, పైవి అలాగే ఉంటాయి. ఓవెన్ లేకపోతే ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద ఇనుప రేకు పరిచి నాలుగు రోజులు ఎండబెడితే చాలు, సాయంత్రం మంచుకు ముందే లోపలికి తెచ్చేయాలి. పాట్యులా కాయ ఎండకి ఒక్కోసారి విచ్చుకోదు, దానికి ఓవెన్ తప్పదు.

కాయ తెల్లగా, సముద్రం ఒడ్డున దొరికిన చెక్కలా కనిపించాలంటే బ్లీచ్ చేస్తారు. బ్లీచింగ్ ద్రావణం, నీళ్ళు సమానంగా కలిపి, కాయలు పైకి తేలకుండా పళ్ళెం బోర్లించి ఒక రోజు ఉంచాలి. ప్లాస్టిక్ బకెట్, చేతి తొడుగులు, ఆరుబయట పని. వెనిగర్‌లో కడిగిన కాయల్ని అదే తడితో బ్లీచ్‌లో వేయొద్దు, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ముందు మంచినీళ్ళలో బాగా కడిగి ఆరబెట్టిన తర్వాతే. బంక ఎక్కువున్న కాయకి బ్లీచ్ పట్టదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. అలాంటివాటిని ముందు ఓవెన్‌లో పెట్టి, అయినా బంక వదలకపోతే పక్కన పెట్టేయడమే.

సామాను పెద్దగా అక్కర్లేదు. కొమ్మలు కత్తిరించే కత్తెర, కటింగ్ ప్లయర్, హ్యాక్సా బ్లేడు, ఉప్పు కాగితం 80, 120 నంబర్లు, 2 మిల్లీమీటర్ల బిట్ పెట్టిన చేతి డ్రిల్లు, కొంచెం రాగి తీగ. మేకుల బదులు కొబ్బరి చీపురు పుల్లలు. అవి గట్టివి, కొంచెం వంగుతాయి, జిగురు పడతాయి. చీపురు పుల్లని మించిన డోవెల్, అంటే రెండు ముక్కల్ని కలిపే పుల్ల, ఈ పనిలో లేదని నా నమ్మకం.

జిగురు విషయంలో ఒక్కోదానికి ఒక్కో చోటు. గ్లూ గన్ వేగంగా పట్టుకుంటుంది, 20 సెకన్లలో గట్టిపడుతుంది. రేకుల సందులు నింపడానికి అది బాగుంటుంది. కాని దుమ్ము మీదా బంక మీదా పట్టదు, పొరలా ఊడి వస్తుంది. అతికించే చోటుని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవాలి. 60 డిగ్రీలు దాటితే మళ్ళీ మెత్తబడుతుంది, మే నెలలో మూసి ఉంచిన కారు డాష్‌బోర్డు మీద ఆ వేడి మామూలే. తెల్ల జిగురు, అంటే ఫెవికాల్ రకం, వక్కకి, చెక్కకి, పుల్లకి మంచిది. పైన్ కాయ మీద ఎక్కువ రాస్తే అందులోని నీళ్ళకి రేకులు మూసుకోవడం మొదలవుతుంది, జిగురు ఆరేలోపు ముక్క జరిగిపోతుంది. సూపర్ గ్లూ కాయలోకి ఇంకిపోతుంది, అతుకు దగ్గర ఏమీ మిగలదు. పైగా పెళుసు. బరువు మోసే చోట, అంటే మెడ, కాలు, పీఠం దగ్గర, రెండు ట్యూబుల ఎపాక్సీయే వాడతాను. సమపాళ్ళలో కలిపి, పుల్లతో రాసి, రబ్బరు బ్యాండు వేసి ఒక రోజు కదపకుండా ఉంచాలి.

ఎపాక్సీ అయినా ఒంటరిగా వదలను. రంధ్రం, పుల్ల, ఆ తర్వాతే జిగురు. ఇంకో నియమం: కదిలే రేకు మీద ఏదీ అతికించను. కన్నయినా ముక్కయినా రేకుల వరసని దాటి కాయ నడిమి బెండు దాకా పుల్ల దిగాలి, లేదా ముందే ఆ చోట రేకులు తీసేసి బెండు బయటపెట్టి దాని మీద అతికించాలి. బెండు కదలదు. అప్పుడు చుట్టూ రేకులు తెరుచుకున్నా మూసుకున్నా బొమ్మ మొహం చెక్కుచెదరదు.

రేకులు తీయడానికీ ఒక పద్ధతుంది. పైకి లాగితే చిరిగి పీచు వస్తుంది. కత్తెర కొనని రేకు మొదట్లోకి దూర్చి నొక్కి, పక్కకి తిప్పాలి. ఎప్పుడూ తొడిమ వైపు నుంచే మొదలుపెట్టాలి, అక్కడి రేకులు ఒకదాని కింద ఒకటి దాగి ఉండవు. పైన్ కాయలో రేకులు రెండు దిక్కులా మెలికలుగా సాగుతాయి, చాలా కాయల్లో ఒక వైపు 8 మెలికలు, రెండో వైపు 13. ఏదో ఒక మెలికని పట్టుకుని వరసగా తీస్తూపోతే రేకులు వరసగా, పరిమాణం క్రమంగా మారుతూ వస్తాయి. వాటిని అదే క్రమంలో కాగితం మీద పేర్చుకుంటే ఈకలకి, పువ్వులకి మళ్ళీ ఏరుకునే పని తప్పుతుంది.

గుడ్లగూబతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే కాయ ఆకారం దానికి దాదాపు సరిపోతుంది. ఏడు సెంటీమీటర్ల కాయ తీసుకుని తొడిమ వైపు పైకి పెట్టండి. మొన కింద అడ్డొస్తుంది కాబట్టి ఒక సెంటీమీటర్ మేర హ్యాక్సాతో కోయాలి. కోసేటప్పుడు కాయని పాత తువ్వాలులో చుట్టి పట్టుకుంటే రేకులు విరగవు. కోసిన ముఖం మధ్యలో రెండు సెంటీమీటర్ల లోతు రంధ్రం వేసి చీపురు పుల్ల ఎపాక్సీతో దించాలి. పీఠానికి ఒక సెంటీమీటర్ మందం, ఐదు సెంటీమీటర్ల వెడల్పున్న కొమ్మ ముక్క చాలు. వేప, జామ రెండూ బాగుంటాయి. పచ్చి కొమ్మ ముక్క ఆరేటప్పుడు పగులుతుంది, కనీసం రెండు నెలలు ఆరినదే వాడాలి.

మొహానికి ముందువైపు తొడిమ దగ్గర రెండు వరసల రేకులు, రెండు వేళ్ళ వెడల్పున తీసేయాలి. ఆ గుంటలో సరుగుడు కాయని అడ్డంగా కోసిన రెండు బిళ్ళలు పెడతాను. నాలుగు మిల్లీమీటర్ల మందం, మధ్యలో నక్షత్రం లాంటి గుర్తు వస్తుంది, గుడ్లగూబ కంటి చుట్టూ ఉండే ఈకల వలయం అదే. సరుగుడు కాయ ఎండిపోయాక కోస్తే పొడైపోతుంది. పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, అప్పుడు పదునైన బ్లేడుతో కోసి ఆరబెట్టుకోవాలి. బిళ్ళ మధ్యలో మిరియం. దాని మీద రంగులేని నెయిల్ పాలిష్ ఒక చుక్క వేస్తే కంటికి వెలుగొస్తుంది. ఏడు సెంటీమీటర్ల కాయకి కుంకుడు గింజ పెడితే కళ్ళజోడు పెట్టుకున్నట్టుంటుంది, అది 12 దాటిన చిర్ పైన్‌కి. రెండు బిళ్ళలూ ఒకదానికొకటి తగలాలి. వాటి మధ్య ఖాళీ వదిలితే గుడ్లగూబ పోయి కోడి వస్తుంది. ముక్కు కోసం కాయలోంచి తీసిన చిన్న రేకు ఒకటి, మొన కిందికి. చెవులకు మరో రెండు. రెక్కలకు మహాగని గింజలు చెరోటి, గింజ భుజం దగ్గరికి, రెక్క కొన కిందికి. కాలివేళ్ళకు లవంగాలు మూడేసి. లవంగం తల పీఠం వైపు ఉండకూడదు, తోక ముందుకు చాచాలి, గోరులా కనిపిస్తుంది.

ముళ్ళపందికి చిర్ పైన్ కాయ అడ్డంగా పడుకోబెట్టాలి. తల తొడిమ వైపు అన్నది ఇక్కడ మరీ ముఖ్యం, ముళ్ళు వెనక్కి వాలకపోతే అది ముళ్ళపందే కాదు. తలకి కోయని వక్క. ఒక వైపు బల్లపరుపుగా, రెండో వైపు కొంచెం మొనగా ఉంటుంది కాబట్టి చెక్కే పనే లేదు. వక్క రాయిలాంటిది, డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి, ఆగి ఆగి దింపాలి. మేకు కొట్టారంటే రెండు చెక్కలవుతుంది. తొడిమని మొదలుకంటా కోసి, ఉప్పు కాగితంతో చదును చేసి, వక్కకీ కాయకీ మధ్య చీపురు పుల్ల రెండు ముక్కలు దించాలి. ఒక్క పుల్లే అయితే తల గుండ్రంగా తిరుగుతుంది. ముళ్ళకి చీపురు ఈనెలు నాలుగైదు సెంటీమీటర్ల ముక్కలు, రెండు చివర్లూ తెలుపు, మధ్యలో నలుపు. రేకు పైన కాకుండా రేకు మొదట్లో, బెండుకి ఆనేలా దూర్చాలి. 60, 70 ముక్కలు పడతాయి. వీపు వెనక సగానికే పెట్టండి, మెడ దగ్గర కాయ రేకులు చాలు. అన్నీ ఒకే పొడవు కోస్తే చీపురులా ఉంటుంది.

నాలుగు కాళ్ళ జంతువులన్నిటికీ ఒకటే తంటా, నిలబడినప్పుడు ఊగడం. ఏనుగు కాళ్ళకి నేను రేల కాయ ముక్కలు వాడతాను, మూడు సెంటీమీటర్ల ఎత్తు. రేల కాయ లోపల నల్లటి గుజ్జు, అడ్డ బిళ్ళలు ఉంటాయి. కొత్త కాయైతే గుజ్జు కారి చీమలు పడతాయి. చెట్టు కింద ఒక ఏడాదిగా ఎండి గలగలలాడేవే ఏరాలి. కోసిన చివర్లు కరిగించిన కొవ్వొత్తి మైనంలో ముంచితే లోపలి గుజ్జు ఇక బయటికి రాదు. ఒంటికి మూసుకున్న లావు పైన్ కాయ, చెవులు మహాగని చెక్కలు, తొండం తుమ్మకాయ. దాని నొక్కులే తొండం ముడతలు. నాలుగు కాళ్ళూ అతికి గట్టిపడ్డాక, చదునైన బల్ల మీద 80 నంబరు ఉప్పు కాగితం పరిచి, బొమ్మని దాని మీద నిలబెట్టి వేళ్ళతో నడుము దగ్గర పట్టుకుని ముందుకీ వెనక్కీ రాయాలి. పొడుగు కాలు ముందు అరుగుతుంది. ఒక్కో కాలుని విడిగా కోసి సరిచేయబోతే నాలుగూ పొట్టివవుతాయి గాని ఊగడం మాత్రం ఆగదు.

తాబేలు అరగంట పని. పెద్ద కాయని అడ్డంగా, తొడిమ వైపు నుంచి రెండున్నర సెంటీమీటర్ల దగ్గర కోసి, తొడిమ పైకి వచ్చేలా బోర్లిస్తే చిప్ప సిద్ధం. మెలికలే చిప్ప మీది గళ్ళు. కాళ్ళకి చింతగింజలు నాలుగు, తలకి ఇంకోటి. చింతగింజ నున్నటిది, జిగురు పట్టదు. అతికే వైపు ఉప్పు కాగితంతో తెల్లపప్పు కనిపించేదాకా రాయాలి. కోసిన మిగతా సగం కాయ పైనుంచి చూస్తే బంతిపువ్వులా ఉంటుంది, తోరణానికి పనికొస్తుంది.

మొసలికి తురాయి కాయ. కాయ రెండు అంచుల వెంట చీలుతుంది. కొన పది సెంటీమీటర్లు వేడినీళ్ళలో పావుగంట ఉంచి, కత్తి మొనతో అంచు విప్పి, మధ్యలో చెక్క ముక్క పెట్టి ఆరనిస్తే నోరు తెరుచుకునే ఉంటుంది. పళ్ళకి బియ్యం గింజలు పెడుతుంటారు, పురుగు పడుతుంది. టూత్‌పిక్ మొనలు నాలుగు మిల్లీమీటర్లు తుంచి పెడితే సరి.

నెమలికి ఓపిక కావాలి. మెడకి లావు తీగ ఎస్ ఆకారంలో వంచి, కింది చివర కాయ బెండులోకి మూడు సెంటీమీటర్లు దించి, దాని మీద జనపనార తాడు చుట్టాలి. పింఛానికి అయిదు సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అట్ట అర్ధచంద్రం కోసి, మహాగని గింజలు మూడు వరసలు: బయట 13, మధ్యలో 11, లోపల 9. వెలుపలి వరస ముందు, లోపలి వరస దాని మీద మూడో వంతు కప్పుతూ. రెక్కలు పెళుసుగా ఉంటే కెటిల్ ఆవిరి పైన కొన్ని సెకన్లు చూపిస్తే మెత్తబడతాయి. కన్నులు రంగుతో వేయండి, నీలం, ఆకుపచ్చ, బంగారం. పింఛం బరువుకి బొమ్మ వెనక్కి పడుతుంది కాబట్టి పీఠం తోక వైపు పొడుగ్గా ఉండాలి.

గుమ్మానికి వేలాడే గుండ్రటి తోరణం అంకెల పని. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న చట్రం చుట్టుకొలత 94. విచ్చుకున్న కాయ అయిదు సెంటీమీటర్ల వెడల్పైతే బయటి వరసకి 18, లోపల 20 సెంటీమీటర్ల వలయానికి 12, మొత్తం 30 కాయలు. సందులకి సరుగుడు కాయలు ఓ యాభై, అనాసపువ్వులు, దేవదారు గులాబీలు. ప్రతి కాయకీ కింది రెండో వరస రేకుల మధ్య రాగి తీగ చుట్టి, మెలిపెట్టి, చట్రానికి కట్టాలి. తోరణంలో జిగురు మీద ఆధారపడితే ఏడాది తిరిగేసరికి గుమ్మం ముందు రోజుకో కాయ ఏరుకోవాలి. కట్టేటప్పుడు కాయలు పూర్తిగా విచ్చుకుని ఉండాలి. సగం మూసినవి కడితే తర్వాత విచ్చుకుని ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. దీపాలకి, కొవ్వొత్తులకి దగ్గరగా మాత్రం వేలాడదీయొద్దు. దీపావళికి గుమ్మం తోరణం తీసి లోపల పెట్టడమే క్షేమం.

పై పూతకి నేను లక్క పాలిష్ ఇష్టపడతాను. అర లీటరు స్పిరిట్‌లో 50 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, మెత్తటి కుంచెతో రెండు పూతలు. రంగు కొంచెం తేనె ఛాయకి తిరుగుతుంది, అది బొమ్మకి అందమే. వానాకాలంలో వేస్తే గాలిలో తేమకి తెల్లటి పొగలా మబ్బు పడుతుంది, పొడి రోజు చూసుకోవాలి. స్ప్రే వార్నిష్ అయితే ఆరుబయట, అడుగు దూరం నుంచి, ఒక్కసారి తడిసిపోయేలా కాకుండా మూడు పల్చటి పూతలు. ఏ పూతా తేమని పూర్తిగా ఆపదు, కాయ కదలికని నెమ్మదింపజేస్తుంది, అంతే. బంగారు రంగు కాయంతా పోయొద్దు. కుంచెని కాగితం మీద దాదాపు పొడిగా తుడిచి రేకు అంచులకే తాకిస్తే కాయ స్వరూపం మిగులుతుంది. ముందు రంగు వేసి తర్వాత అతికిస్తే అతుకు రంగు పొరతో సహా ఊడుతుంది. అతుకులన్నీ అయ్యాకే రంగు.

గురివింద గింజలు చూడ్డానికి కళ్ళకోసమే పుట్టినట్టుంటాయి. వాటిలోని విషం ప్రాణాంతకం. గింజ పై పెంకు గట్టిగా ఉన్నంతసేపు లోపలే ఉంటుంది, డ్రిల్లు వేసినా కొరికినా బయటపడుతుంది. పిల్లలుండే ఇంట్లో వద్దేవద్దు. ఆముదం, ఉమ్మెత్త, పచ్చగన్నేరు గింజలూ అంతే. ఎర్రటి కన్నే కావాలంటే బండి గురివింద వాడండి, అది పూర్తిగా ఎరుపు, నల్ల మచ్చ ఉండదు, ఆ తేడా చూసే గుర్తుపట్టాలి. మూడేళ్ళలోపు పిల్లల చేతికి మిరియం కన్నున్న బొమ్మ కూడా ఇవ్వను, ఊడితే నోట్లోకే.

బొమ్మల కొలువులో అడవి మెట్టు పెట్టేవాళ్ళకు ఇవి బాగా పనికొస్తాయి. సంక్రాంతికి పెట్టే ఇళ్ళలో గాలి పొడిగా ఉంటుంది, కాయలు విచ్చుకుని నిండుగా కనిపిస్తాయి. దసరాకి పెట్టేవాళ్ళు వానల చివర తీస్తారు కాబట్టి వారం ముందే పెట్టె దించి రెండు మూడు పూటలు ఎండలో పెట్టాలి. మిగతా ఏడాదంతా మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, నాలుగు నాఫ్తలీన్ గోళీలు వేసి దాస్తే చాలు. గోళీలు బొమ్మలకి, ముఖ్యంగా రంగుకి, తగలకుండా గుడ్డలో మూట కట్టాలి. బొమ్మల మధ్య తుక్కు కాగితం కుక్కొద్దు, రేకుల్లో ఇరుక్కుని తీసేటప్పుడు విరుగుతాయి. ఒక్కో బొమ్మని పీఠం దగ్గర డబ్బా అడుగుకి దారంతో కట్టేస్తాను. దుమ్ము దులపడానికి హెయిర్ డ్రయర్ చల్లగాలి మీద పెట్టి, పొడి కుంచెతో తొడిమ నుంచి మొన వైపు తుడవాలి.